ఇసుక మీద బియ్యం

మార్కులు ఈజీగా వస్తాయని ఎవరో చెబితే పాతకాలపు చైనా చరిత్ర ఎలెక్టివ్ తీసుకున్నాను. నా ఖర్మ! ఎప్పుడూ యుద్ధాలూ, దర్బారు కుట్రలే. పేర్లకైతే నోరు తిరగదు. కెనడాలో, ఏజాక్స్ అనే ఊళ్ళో మా బేస్‌మెంట్ వంటింట్లో కూర్చుని పైకి చదువుతుంటే, నాతో ఉండే నిజామాబాద్ పిల్ల వినేది.

ఆ రోజు చదివింది పదిహేను వందల ఏళ్ళ నాటి దక్షిణ రాజ్యపు సేనాపతి కథ. ఉత్తరాది మీద దండెత్తిపోతే నడుమ తిండిగింజలు అయిపోయాయి. పారిపోయిన సైనికుడొకడు ఆ సంగతి శత్రువుకు చేరవేశాడు. సేనాపతి ఆ రాత్రి శత్రువుల చెవిన పడేలా ఇసుకనే బియ్యమన్నట్టు గట్టిగా లెక్కపెడుతూ కొలిపించి, మిగిలిన కాసిని బియ్యం ఆ కుప్పల పైన చల్లించాడు. శత్రువులు నమ్మేశారు. నిజం చెప్పినవాణ్ణి అబద్ధాలకోరని నరికేశారు. సైన్యం క్షేమంగా ఇల్లు చేరింది.

"మరి సేనాపతి?" అంది.

"తర్వాత రాజుకు జబ్బు చేసింది. ఈయనకున్న పేరు చూసి, గద్దె లాక్కుంటాడేమోనని దర్బారుకు భయం పట్టుకుంది. పిలిపించి చంపేశారు."

"సొంతోళ్ళేనా? అచ్చం మా ఇంట్ల లెక్కనే అక్కా!" అని నవ్వింది.

బాబాయిలు వద్దన్నా వాళ్ళమ్మ ఒక్కతే పట్టుబట్టి ఈ పిల్లను కెనడా పంపింది. ఇక్కడ దీనికెవరూ పార్ట్‌టైమ్ షిఫ్టులు ఇవ్వడం లేదని, చేతిలో డబ్బుల్లేవని తెలిస్తే వాళ్ళు అమ్మను మాటలతో పొడుస్తారని దీని భయం. నేను పెట్టబోతే "తినొచ్చిన" అనేది. ఒట్టి అబద్ధం. చిక్కి సగమైంది.

మర్నాడు వీడియో కాల్‌కు ముందు చూద్దును కదా, పళ్ళెంలో గిన్నె బోర్లించి, దాని మీద పల్చగా అన్నం పరుస్తోంది.

"బిడ్డా, నువ్వు చెప్పు. మంచిగ తింటుందా ఇది?" అని వాళ్ళమ్మ నన్నడిగింది.

పిల్ల నా చెయ్యి గిచ్చింది. నాకు ఒళ్ళు మండింది. "లేదాంటీ, పస్తులుంటోంది," అనేశాను.

"ఊకో బిడ్డా, పరాచికాలు! పళ్ళెం నిండ కనబడుతలేదా?" అని ఆవిడ నవ్వింది.

ఆ వారమే వాన్ అనే ఊళ్ళో పని దొరికిందంటూ పిల్ల ఇల్లు మారింది. నా నంబర్ బ్లాక్ చేసింది. తెలిసినవాళ్ళందరి దగ్గరా వాకబు చేశాను, జాడ లేదు. అన్నం పెట్టుకుంటే, గరిటెకు అడుగున గిన్నె తగులుతుందేమోనని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మంచు మొదలయ్యాక ఆంటీ ఫోన్ చేసింది.

"బిడ్డ ఫోన్ ఎత్తుతలేదు. నాడు నువ్వు చెప్తే నమ్మకపోతి. ఇప్పుడు ఏం చెప్పినా నమ్ముత. ఎక్కడుంది?"

"తెలియదాంటీ. నిజంగా నాకు తెలియదు."



"దాస్తున్నవు కదా బిడ్డా?" అంది.