బస్సు మెట్టు మీద చుట్టబట్ట

ఆషాఢ మాసం, సోమవారం, ఉదయం ఏడు గంటల ముప్పై అయిదు నిమిషాలు; మబ్బు పట్టిన ఆకాశం, రాయచూరు స్టేషను ముందు సన్నటి తుంపర. తడిసిన గోనెసంచుల వాసన మధ్య నుంచి ఆసుపత్రి బస్సు తన కాలపట్టిక ప్రకారం కదిలి వెళ్ళిపోయింది. లోకల్ ప్యాసింజరు, అదీ తన కాలపట్టిక ప్రకారమే, ఏడు నలభై రెండుకు వచ్చింది. దిగిన నా చెల్లెలు ఎప్పటిలాగే ఖాళీ రోడ్డును చూస్తూ నిలబడింది. వారానికి మూడుసార్లు ఆమెకు డయాలసిస్. ఎనిమిదిన్నరకు చేరకపోతే, ఆలస్యమైనంత సేపు యంత్రం మీది సమయంలో కోత పడుతుంది. తర్వాతి బస్సు ఎనిమిది ఇరవైకి. బస్సు అందిందో లేదో రోజూ రాసుకునే నా పుస్తకంలో అది పదకొండో వరుస.

ఆ తడి గోనె వాసన మా అవ్వ గంపది. నా చిన్నప్పుడు యరగేర దిక్కు పల్లెల నుంచి ఆడవాళ్ళు వానకాలంలో పుంటికూర, చలికాలంలో పచ్చి జొన్న కంకులు, ఎండలు ముదిరాక దోసకాయలు గంపల్లో నింపుకొని, ఎల్లమాస పండుగ ముందు రోజైతే కొంగున సజ్జరొట్టెలు కూడా కట్టుకొని ప్యాసింజరులో వచ్చేవాళ్ళు. ఆ బండి ఒక్కనాడూ వేళకు రాలేదు. అయినా టౌను బస్సు వాళ్ళకు తప్పిపోలేదు. దిగీ దిగగానే అవ్వ, గంప కింద తలమీద పెట్టుకునే చుట్టబట్టను నా చేతికిచ్చేది. నేను పరుగెత్తి దాన్ని బస్సు కింది మెట్టు మీద పెట్టేదాన్ని. ఒకరి తల బరువు మోసే బట్టను వాళ్ళ ఇంటివాళ్ళు తప్ప ఇంకొకరు ముట్టరాదన్నది అందరి పట్టింపు. అది మెట్టు మీద ఉన్నంతసేపూ డ్రైవరు చాచా బండి తీసేవాడు కాదు.

"ఇంకెందరున్నరే బేటీ?"

"ముగ్గురు, చాచా."

"గిన్తీ పక్కానా? పోయినసారి ముగ్గురని ఏడుగుర్ని ఎక్కిచ్చినవ్."

లెక్కించడం నేను నేర్చుకున్నది ఆ మెట్టు దగ్గరే.

ఆ సోమవారమే పుస్తకం పట్టుకొని రెండు కార్యాలయాలు తిరిగాను. రైళ్ళాయన బస్సు తనది కాదన్నాడు. బస్సులాయన రైలు తనది కాదన్నాడు. ఇద్దరి గదుల్లోనూ గోడ మీద రైలూ బస్సూ పక్కపక్కన నవ్వుతున్నట్టు రంగుల బొమ్మ ఉంది. రైలు ఎందరిని మోసిందో ఒకాయనకు తెలుసు, బస్సు ఎందరిని ఎక్కించుకుందో రెండో ఆయనకు తెలుసు. దిగినవాళ్ళు ఎక్కారా లేదా అన్నది ఎవరి పుస్తకంలోనూ లేదు. చదువురాని ఆడవాళ్ళు పాత గుడ్డతో సాధించిన పనిని, ఈ మహానుభావులు రెండు భవనాల్లో కూర్చుని ఏడు నిమిషాల దగ్గర పోగొట్టారు.

బుధవారం నా పాత చీర చింపి, గుండ్రంగా చుట్టి, ఏడు ముప్పై మూడుకు బస్సు మెట్టు మీద పెట్టాను. కుర్ర కండక్టరు వంగి చూశాడు.

"ఏందమ్మా ఇది? తియ్యి."

"దీని మనిషి బండిల ఉంది. వస్తది."

అతను చెయ్యి చాచాడు. ముందు సీట్లో పూలబుట్టతో కూర్చున్న ముసలామె ఆపింది.

"ముట్టకు బిడ్డా. ఎవరి నెత్తిదో అది. వాళ్ళే తియ్యాలె."

"టైమైంది అవ్వా."

"నీ టైము నా నెత్తి మీద పెట్టు, నేను మోస్త."

బస్సంతా నవ్వింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఏడు నలభై ఆరుకు నా చెల్లెలు మెట్టు దగ్గర కష్టంగా వంగి, చుట్టబట్టను చేతిలోకి తీసుకుంది.

"అక్కా, మన అవ్వదా ఇది?"

"కాదు. నాదే."

ఆ రోజు ఆమెకు యంత్రం మీద పూర్తి సమయం దొరికింది.

శుక్రవారం కండక్టరు మారాడు, పూలామె రాలేదు. చుట్టబట్టను అతను కాలితో కిందికి తోశాడు. ఏడు ముప్పై అయిదుకే బస్సు కదిలి వెళ్ళిపోయింది. ఆ ప్యాసింజరులో ఇప్పుడు గంప ఎత్తుకొని దిగేవాళ్ళు లేరు. తెలియని పట్టింపును ఎవరు పాటిస్తారు? బురదలోంచి తీసి, ఇంటికి తెచ్చి ఉతికి ఆరేశాను.

అక్కడితో పుస్తకం మూశాను. మొత్తం ప్రయాణాలు పదమూడు. కాలపట్టికల వల్ల బస్సు అందినవి సున్న. చుట్టబట్ట వల్ల అందినది ఒకటి.