మా ఇబ్రహీం మావ

మొన్న అరసవల్లిలో ఆటో దిగి వెనక్కి చూస్తే, వెళ్ళిపోతున్న దాని వెనక పసుపు అక్షరాల్లో 'ఇబ్రహీం' అని కనబడింది. దర్శనం సంగతి మరిచి అక్కడే నిలబడిపోయాను. మా పెదమావ పేరది.

మావ భోగాపురం దగ్గర కొబ్బరితోట రైతు. నుదుట బొట్టు లేనిదే గడప దాటేవాడు కాదు. ఆయనకు ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కకపోతే మా అమ్మమ్మ దర్గాలో మొక్కుకుని, అక్కడి బాబా పేరే ఈయనకు పెట్టుకుంది. మొక్కు పేరు మార్చకూడదు. ఏటా ఉరుసుకి ఇంట్లోంచి చాదరూ చక్కెరా వెళ్ళేవి. శ్రీరామనవమికి పానకం కలిపేదీ మావే. గోల్కొండను ఏలిన ఓ సుల్తానుదీ, రాజ్యం వదిలి ఫకీరైన ఓ మహానుభావుడిదీ ఇదే పేరని చిన్నప్పుడు బడిలో మేష్టారు చెప్పారట. ఆ గొప్ప మావకి జీవితాంతం సరిపోయింది. ఎవరైనా వేళాకోళం చేస్తే, "ఒరే, నీ పేరుతో రాజెవుడైనా ఉన్నాడేటి?" అనేవాడు.

విమానాశ్రయానికి తోట పోయినప్పుడూ నవ్వాడు. "ఆ ఫకీరు రాజ్జివే ఒగ్గీసినాడు అల్లుడా, నాదెంత? పేరు మాత్రం ఒగ్గను. నన్ను బతికించినాది ఇదే."

ఒగ్గించింది కొడుకు. తన కూతురి పెళ్ళి కుదిరాక, వియ్యాలవారు ఏమనుకుంటారోనని శుభలేఖలో పెళ్ళికూతురి తాతగా మావ పేరు వెంకటరావని అచ్చేయించాడు. "ఈ ఎంకట్రావు ఎవుల్రా?" అన్నాడు మావ. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

మరుసటి ఏడు మావ పోయాడు. మా వైపు చావు కబురు ఆటోకి మైకు కట్టి చుట్టుపక్కల ఊళ్ళలో చెబుతారు. శుభలేఖలో ఒకటీ మైకులో ఒకటీ అయితే బాగోదని కొడుకు వెంకటరావనే చెప్పించాడు. మావ నేస్తాలంతా ఉన్న సముద్రం వైపు పల్లెల నుంచి ఒక్కరూ రాలేదు. ఇదేమిటా అని బాధపడ్డాను.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి, మావ చిన్ననాటి నేస్తం, జాలరి తాత, చేపల బుట్టతో గుమ్మంలోకి వచ్చాడు. "ఏటిరా, ఇబ్రహీం ఈమజ్జ కానరాడు?"

కొడుకు చెప్పాడు. ముసలాయన బుట్ట ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"మైకు ఇన్నానురా. వల బాగుసేసుకుంతన్నాను. ఎవులో ఎంకట్రావంట, పాపం, అనుకున్నాను."

కొడుకు బుట్ట అందుకోబోయి, అక్కడే చతికిలబడి ఏడ్చాడు.

కాలం మనిషిని ఎలాగూ పట్టుకుపోతుంది. పేరైనా ఇంకొన్నాళ్ళు మా మధ్య తిరిగేది. దాన్ని మాత్రం కాలం వచ్చేదాకా ఆగకుండా మా ఇంట్లోవాళ్ళమే సాగనంపేశాం.