కాకికి పెట్టిన బ్రాందీ

ఆదెమ్మకు కోపమొస్తే మదనపల్లె మార్కెట్లో పచ్చికాయలు కూడా ఎర్రబడతాయని హమాలీలు చెప్పుకుంటారు. ఒక వేసవిలో ఆమె వేసిన కేకకు మండీ పైకప్పు రేకు ఒకటి ఎగిరిపోయి గుర్రంకొండ కోట మీద వాలిందనీ, దాన్ని దించుకురావడానికి ఇద్దరు మనుషులు పోయారనీ కూడా అంటారు. రేకు సంగతి ఎట్లా ఉన్నా కోపం మాత్రం నిజం. పుంగనూరు నుంచి తొలి బస్సుకు పోయి, పొద్దంతా టమాటాలు ఏరి, మచ్చకాయను ఒక పక్కకు, గట్టికాయను ఒక పక్కకు వేసే మనిషి ఆమె. చెడ్డకాయ తగిలిందంటే చెయ్యి దానంతటదే విసిరేస్తుంది. ఒక్క చెడ్డకాయను మాత్రం పెళ్ళయిననాటి నుంచీ విసరలేకపోయింది. ఆ కాయ పేరు కదిరప్ప. ఆమె మొగుడు.

కదిరప్ప లారీ డ్రైవరు. ఒక గుక్క పడితేనే తనకు రోడ్డు బాగా కనపడుతుందని చెప్పేవాడు. అంత బాగా కనపడే రోడ్డును వదిలి రెండుసార్లు లారీని చెరుకుతోటలోకి తోలాడు. లారీ అతన్ని చంపలేదు. కడుపులోని కాలేయం చంపింది. పొట్ట కుండలా ఉబ్బి, కండ్లు పసుపు ముద్దలై, మంచం పట్టి పోయాడు.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరమ్మ ఆదెమ్మను కూర్చోబెట్టి చెప్పింది. తాగింది అన్నం మాదిరిగా అరిగేదాకా ఆగదు, తిన్నగా నెత్తురులో కలిసిపోతుంది. నెత్తురు పోయినచోటికల్లా అదీ పోతుంది. మొదట మెదడులో మంచీచెడ్డా చూసే చోటును పట్టుకుంటుంది. ఆ తర్వాత చూపు, ఆ తర్వాత కాళ్ళూ చేతులూ, మరీ మితిమీరితే ఊపిరి. దాన్ని దించే పని దాదాపు అంతా కాలేయానిదే. ఒక చిన్న పెగ్గు దించడానికి దానికి గంటకు పైనే పడుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే బండి తోలేవాడు చట్టానికి దొంగే. కానీ ఆ గీతకు ఇవతల ఉన్నప్పుడే చెయ్యీ చూపూ మందగించడం మొదలవుతుంది.

ఆదెమ్మకు ఇదంతా ఇట్టే అర్థమైంది. కాలేయమంటే ఒంటరి హమాలీ. లారీ నిండా సరుకున్నా ఒక్కొక్క పెట్టే దించుతాడు. నెత్తిన నీళ్ళు పోస్తే తడుస్తాడు గాని రెండో పెట్టె ఎత్తడు. ఇరవై ఏళ్ళు ఆ హమాలీకి ఒక్క పూట సెలవివ్వలేదు కదిరప్ప. వాడు పడిపోయాడు. అంతే కథ.

అందుకే, దినాల రోజున బావ రెడ్డెప్ప బ్రాందీ సీసా తెచ్చి ఫోటో ముందర పెట్టినప్పుడు ఆదెమ్మ ఒళ్ళు భగ్గుమంది.

"దాన్ని తీయి బావా. నా మొగుణ్ణి చంపినదాన్ని నా ఇంట్లో పూజకు పెడతావా?"

"నేను కొత్తగా పెట్టేది కాదమ్మే. పోయినోనికి ఇష్టమైంది పెట్టాల. మా నాయనకు చుట్ట పెడితిమి. మా అవ్వకు వక్కాకు పెడితిమి. వీనికేం పెట్టేది, పాలా?"

"పాలే పెట్టు. బతికున్నప్పుడు తాగనిది సచ్చినాకన్నా తాగనీ."

పెద్దవాళ్ళు ఆమెను సముదాయించి సీసాను తీయించారు. విస్తరిని గోడమీద పెట్టి అందరూ కాకి కోసం నిలబడ్డారు. కాకి రాలేదు. ఎండ నెత్తికెక్కింది. కుప్పం నుంచి వచ్చిన చుట్టాలకు కడుపులు కాలుతున్నాయి. పుంగనూరు కాకులన్నీ ఆ పూట ఏదో పెండ్లికి పోయినట్టుంది. రెడ్డెప్ప ఊరుకుంటాడా? "సూసినారా, వాని ఆత్మ అలిగింది" అని సీసాను తీసుకుపోయి విస్తరి పక్కన నిలబెట్టాడు. చుట్టాల్లో ఒకావిడ తన వంతుగా అదే విస్తరిలో ఒక మాంసం ముక్క వేసింది. వేసీ వేయంగానే కాకి వాలింది.

"వచ్చినాడు నా తమ్ముడు! బ్రాందీ కోసం వచ్చినాడు!"

"సీసాకు మూతే తీయలేదు బావా. నీ తమ్ముడు మూతితో తిప్పుకున్నాడా?" అంది ఆదెమ్మ. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మగవాళ్ళెవరికీ నవ్వు రాలేదు.

కాకి ముట్టిన తర్వాత అది సీసా కాదు, తీర్థం. ఆ పక్క పద్ధతి అది. పోయినవాడి పేరు చెప్పి మగవాళ్ళందరూ పంచుకోవాలి, వద్దంటే పోయినవాణ్ణి కాలితో తన్నినట్టు. కదిరప్పకు కొడుకులు లేరు గనుక మొదటి గ్లాసు అల్లుడు గిరీష్‌ది. గిరీష్ కుప్పంలో టెంపో తోలుతాడు. చుట్టాలందర్నీ ఆ టెంపోలోనే తెచ్చాడు. మొదటి గ్లాసు తీర్థం కింద తీసుకున్నాడు. రెండోది పెదమామ రెడ్డెప్ప మాట తీసెయ్యలేక తీసుకున్నాడు. మూడోదానికి ఎవరూ ఏ కారణమూ చెప్పలేదు. దాంతో క్వార్టరు సీసా దాటింది.

పొద్దు వాలుతుండగా చుట్టాలు టెంపో ఎక్కసాగారు. ఆదెమ్మ కూతురు తేజస్విని ఏడాది బిడ్డను చంకనేసుకుని ముందు సీటు వైపు నడిచింది. పలమనేరు దాటి, వి.కోట మీదుగా, అడవి అంచున పోవాల్సిన దారి. ఏనుగులు రోడ్డుకు అడ్డం వచ్చే కాలం. ఆదెమ్మ పోయి బండికి అడ్డం నిలబడింది.

"గిరీషప్పా, తాళం ఇయ్యి. ఈ పొద్దు మీరెవురూ పోయేది ల్యా."

"ఏమత్తా, నేనేం తూలతా ఉండానా? సూడు." గిరీష్ వాకిట్లోని ముగ్గు గీత మీద అడుగులో అడుగు వేసి నడిచి చూపించాడు. ఒక్క చుక్క చెరగలేదు. మగవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"కాళ్ళు బాగానే ఉండాయప్పా. పోయింది కాళ్ళు కాదు. తాగినానా లేదా అని చెప్పే మెదడే ముందుగా తాగుతాది. ఇంగ అది నీకేం చెప్తాది?"

"మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా. ఇంగ తలకు నాలుగు చెంబులు పోసుకుంటే మొత్తం దిగిపోతాది."

"తాగుబోతు మింద నీళ్ళు పోస్తే తడిసిన తాగుబోతు అవుతాడు. కాఫీ పోస్తే మేలుకున్న తాగుబోతు అవుతాడు. నెత్తురులో ఉండేది నెత్తురులోనే ఉంటాది."

రెడ్డెప్ప గొంతు లేచింది. "ఏమ్మే! ఇంటల్లుణ్ణి నలుగుర్లో నిలబెట్టి తాగుబోతంటావా? నీ మొగుడు సచ్చినాక నీకు నోరు లేచిందే!"

"మొగుడు బతికుండగా లేసింటే ఇంగో పదేండ్లు బతికుండేవాడు బావా!"

తేజస్విని మొహం ఎర్రగా కందిపోయింది. "అమ్మా, చాలు. ఆయప్ప పరువు తీస్తాండావు. రేపు ఆ ఇంట్లో ఉండాల్సింది నేను."

ఆదెమ్మ బండి ముందు నుంచి పక్కకు జరిగింది. నిజమే. రేపు మాటలు పడేది కూతురే. అల్లుడి మాట నెగ్గనిస్తే కూతురి కాపురం చల్లగా ఉంటుంది, ఆ చల్లదనం పలమనేరు దాకా ఉంటుందో లేదో తెలియదు. తనూ అట్లాగే ఎన్నిసార్లు లారీ ఎక్కలేదు? పక్క సీట్లో కూర్చుని, కదిరప్ప నోట్లోంచి వచ్చే వాసన పీలుస్తూ, చీకట్లో ఎదురొచ్చే లైట్లను చూస్తూ, అతని పరువు కోసం నోరు మూసుకోలేదు? ఆ కోపం ఇప్పుడు అల్లుడి మీదిది కాదు, కదిరప్ప మీదిది కూడా కాదు. తన మీదిదే.

గిరీష్ తాళం జేబులో వేసుకుని, "స్నానం చేసొస్తా, అందరూ ఎక్కి కూసోండి" అని దొడ్లోకి పోయాడు.

ఆదెమ్మ కొప్పులోంచి పిన్ను తీసింది. టెంపో వెనక చక్రం దగ్గర గొంతుకూర్చుని మూత తిప్పి వాల్వులో గుచ్చింది. తాచుపాము పడగెత్తినట్టు బుస్సుమంది. టెంపోలోంచి కుప్పం ఆడవాళ్ళు తొంగిచూశారు. ఒకావిడ దిగింది. ఇంకొకావిడ దిగింది. పిన్ను ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి పోయింది. చక్రాల చుట్టూ చీరలు అడ్డం పెట్టి నిలబడి, మగవాళ్ళకు వినపడేట్టు సంగటి గురించి గట్టిగా మాట్లాడసాగారు. వాళ్ళందరూ ఆ దారిలో బిడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని కండ్లు మూసుకుని వచ్చిపోయినవాళ్ళే.

చిట్టచివరగా తేజస్విని దిగింది. తల్లి వైపు చూడలేదు. బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని, దొడ్డి వాకిలికి అడ్డంగా నిలబడింది. "ఏమండీ, సబ్బు ఉండాదా? తువ్వాలియ్యాల్నా?" అని లోపలికి కేకేసింది.

గిరీష్ తల తుడుచుకుంటూ వచ్చేసరికి టెంపో ముసలి ఎనుము మాదిరి ఒక పక్కకు కూలబడి ఉంది. మూడు చక్రాలు నేలకంటుకున్నాయి. స్టెపినీ ఒకటే.

ఆ తర్వాత అన్న మాటలు అచ్చు వెయ్యదగినవి కావు. రెడ్డెప్ప తిట్లకు వీధి చివర కట్టేసిన పుంగనూరు పొట్టి ఆవు మూడు పూటలు పాలివ్వలేదని చెబుతారు. తిట్టి తిట్టి అలిసిపోయి, ఆదెమ్మ మీద కసితో మగవాళ్ళు మిద్దె మీదకెక్కి ఇంకో సీసా తెరిచారు. గిరీష్ కూడా. ఆదెమ్మ అందరికీ చాపలు పరిచి, తాహిర్‌కు ఫోను చేసింది. తాహిర్‌ది వీధి మొగదల పంచరు షాపు. అతనికి ఏదో చెప్పి, పడుకుంది.

తెల్లారగానే గిరీష్ స్నానం చేసి, కాఫీ తాగి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కండ్లు తేటగానే ఉన్నాయి. "అత్తా, రాత్రంతా నిద్రపోయినా. ఇంగ నా ఒంట్లో చుక్క ల్యా. ఆ పంచరాయప్పను పిలువు."

"నువ్వు నిద్రపోయినావు. లోపలి హమాలీకి నిద్ర యాడుండాది? సగం దించేలోగా నువ్వు మిద్దెక్కి ఇంగో లోడు ఎక్కిచ్చినావు. తాహిర్‌ను మధ్యాన్నం దాటినాక రమ్మన్నా."

రెడ్డెప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నీ కొంపలో ఇంగ మంచినీళ్ళు ముట్టను. నేను బస్సుకు పోతా."

"పో బావా. బస్సు డ్రైవరు డిపోలో మిషనులో ఊది, సున్నా చూపిచ్చి ఎక్కినోడు. భద్రంగా చేరస్తాడు."

తాహిర్ చెప్పిన వేళకు గాలి మిషను తెచ్చి, బండి చుట్టూ తిరిగి నోరు వెళ్ళబెట్టాడు. "ఏమక్కా, మూడూ ఒకేసారా? ఎవురన్నా మేకులు చల్లినారా?"

"మేకు నేనేప్పా. గాలి పట్టు."

చక్రాలు లేచాయి. చుట్టాలు ఎక్కారు. గిరీష్ సీట్లో కూర్చుని, ఇంజను స్టార్ట్ చేసి, అత్త వైపు చూడకుండానే అన్నాడు. "ఇంగ జన్మలో ఈ గడప తొక్కను."

ఆదెమ్మ కిటికీ దగ్గరికి పోయింది. నిన్నటి కోపం ఒక్క రవ్వ కూడా తగ్గలేదు.

"తొక్కద్దు నాయనా. బతికుండి తొక్కకుండా ఉండు."

చీకటి పడకముందే కుప్పం నుంచి తేజస్విని ఫోను చేసింది. "చేరినామమ్మా. దోవ పొడుగునా ఆయప్ప నాతో ఒక్క మాట మాట్లాడల్యా."

"మాట్లాడకపోతే పోనీ" అంది ఆదెమ్మ. "తిన్నగా తోలినాడా?"

అవతల బిడ్డ తల్లి గాజులు లాగుతున్నట్టు గలగల చప్పుడైంది.

"తోలినాడమ్మా."