గంట విమానం, శవాల బండి

ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి బెంగళూరు ఎంత దూరమంటే మా మేనేజరు దగ్గర ఒకటే జవాబు: "విమానంలో గంటండి, అంతే." ఆయనది కోస్తా, కాపురం మాదాపూర్‌లో ఆఫీసు పక్కనే. మాది బోరబండ. ఉద్యమం ముమ్మరంగా ఉన్న కాలం, బంద్ అంటే బస్సూ ఆటో ఏదీ కదిలేది కాదు. (తెలంగాణ రావాలని నేనూ మోకాళ్లూని ప్రార్థించినవాడినే. ఆ ప్రార్థన దేవుడు విన్నాడు.) బెంగళూరు వెళ్లి క్లయింటు ముందు పని చూపిస్తే నా కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. నాకది మొదటి విమానం. సరిగ్గా ఆ రోజే బంద్.

మా సంఘంలో పాస్టరుగారు తలమీద చేయి పెట్టి ప్రార్థించనిదే ఎవరూ ఊరు దాటరు. ప్రార్థన అయింది, ఇక బండి కావాలి. బంద్‌లో కూడా ఎవరూ ఆపనిది మా చర్చి శవాల బండి ఒక్కటే. దాన్ని నడిపే సంఘపెద్దను స్తోత్రం మామ అనేవాళ్లం, మంచికీ చెడుకీ స్తోత్రమే అంటాడు కనుక. టై కట్టుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఖాళీ శవపెట్టె పక్కన కూర్చున్నాను. మేమెవరికీ అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

గచ్చిబౌలి చౌరస్తాలో రోడ్డంతా జనం. బండిని చూడగానే నినాదాలు ఆగి, దారి రెండుగా చీలింది. బైబిల్లో దారి ఇచ్చిన ఎర్ర సముద్రం గుర్తొచ్చి లోలోపల స్తుతించాను. అంతలో డప్పు మెడలో వేసుకున్న ఒక పెద్దమనిషి, "గిట్ల ఒంటిగ పంపుడేంది? జర దూరం సాగనంపుదాం" అన్నాడు. పదిమంది బండికి ముందు డప్పు కొట్టుకుంటూ నడక మొదలుపెట్టారు. చావు డప్పు వెనక నడిచినవాళ్లకు ఆ నడక ఎంత నిదానమో చెప్పనక్కర్లేదు.

"మామా, జర ఉరికియ్యి" అని బతిమాలాను.

"శవం బండి ఉరుకుతదా బిడ్డా? స్తోత్రం జెయ్యి."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పక్కనే నడుస్తున్న ఒకతను కిటికీలోంచి చెయ్యి చాపి నా భుజం తట్టాడు. "ఏడ్వకు తమ్మీ. ఎప్పటికైనా అందరం పోయేటోళ్లమే." నేనొక్కడినే పోయేలా లేను అనుకున్నాను.

ఎయిర్‌పోర్టు చేరేసరికి నా విమానం బెంగళూరులో దిగిపోయింది. మర్నాడు ఆఫీసు దగ్గరే ఉండే ఇంకొకాయన వెళ్లొచ్చాడు, పర్మనెంటయ్యాడు. మేనేజరు నాతో కోపంగా కూడా మాట్లాడలేదు. "గంట ప్రయాణానికి వెళ్లలేకపోయారాండీ?" అన్నారు, అంతే. కాంట్రాక్టు ముగిసింది, మళ్లీ పిలవలేదు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పమని నన్ను సాక్ష్యానికి లేపారు. మావాళ్ల లెక్కలో విమానం అందలేదంటే అది కూలి ఉండాలి, అప్పుడే సాక్ష్యం. ముందు వరుసలోని పెద్దమ్మ ఆశగా అడిగింది: "ఆ విమానానికేమన్న అయిందా బిడ్డా?"

"ఏం కాలే పెద్దమ్మా. మంచిగ దిగింది."

"అట్లనా" అని ఆమె తల దించుకుంది. స్తోత్రం మామ కూడా ఆ పూట స్తోత్రం అనలేదు.

నా విశ్వాసం పోలేదు గాని, ఆ రోజు సంగతి దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఇప్పుడు తరచూ విమానమెక్కుతాను. నేల వదలగానే కిందికి చూస్తే, ఎక్కడో ఆ డప్పు వెనక తెల్ల బండి ఇంకా నడుస్తున్నట్టే ఉంటుంది. లోపల టై బిగించుకుని ఏడుస్తున్న ఆ పిల్లవాడికి ఒకసారి చేయి ఊపాలనిపిస్తుంది. పక్క సీటువాళ్లు ఎవరికని అడుగుతారేమోనని, ఊపను.