బావి వంతులో తొమ్మిదో దినం

1962 యాసంగిలో మల్లయ్యకు పోయినవి ఇవి: పొట్టకొచ్చి ఎండిన ఇరవై గుంటల వరి, అంటే అరెకరం, రెండు బండ్ల ఎరువు, నాట్లకిచ్చిన కూలి, ఇంటిల్లిపాది మూడు నెలల చాకిరి. అప్పటికే నేను నకిరేకల్‌లో దస్తావేజులు రాస్తున్నాను. మల్లయ్య రాములు దగ్గర ఎకరం కొన్న కాగితం నేను రాసిందే.

"సారూ, రెండు దినాల నీళ్లని రాస్తివి. ఒక్క దినమే మోట తోలనిస్తున్నరు. రెండోనాడు పోతే వెంకయ్య కొడుకులు ఎడ్లను మళ్లగొట్టిన్రు" అన్నాడు.

ఎడ్లతో మోట తోలి నీళ్లు తోడుకునే ఆ ఉమ్మడి బావికి ఎనిమిది దినాల వంతు, తొమ్మిదోనాడు మళ్లీ మొదటివాడిదే. పొలం కొన్నవాడికి నీటి దినాలూ వస్తాయి. అందరి కాగితాలు తెప్పించి కలిపి చూశాను. రాములు దాయాదులకు నాలుగు, అంతకుముందే రాములు దగ్గర కొన్న వెంకయ్యకు మూడు, మల్లయ్యకు రెండు. మొత్తం తొమ్మిది.

రాములును అడిగాను.

"వెంకయ్య మూడో దినం ఎన్నడు తోలిండు సారూ? ఒక్క జత ఎడ్లాయె. ఆరేండ్లు నేనే తోలుకున్న. నాదే అనుకున్న."

ముగ్గురం నల్లగొండలో వకీలు దగ్గరికి పోయాం. ఆయన కాగితాలు చూసి "నెమో డాట్ క్వాడ్ నాన్ హాబెట్" అన్నాడు. లాటిన్ న్యాయసూత్రమట, తన దగ్గర లేనిదాన్ని ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరని అర్థం.

"రాములూ, ఆ దినం ఆరేండ్ల కిందనే అమ్మినవ్. ఊకె వాడుకుంటే టైటిల్, అంటే హక్కు, నీకు వాపసు రాదు" అన్నాడు. మల్లయ్యకు ఇంకో సూత్రం చెప్పాడు: "కేవియట్ ఎంప్టర్. కొనేటోడే చూసుకోవాలె."

"చూసుకోనీకి నాకు సదువొస్తదా సారూ? గందుకే గీయనకు పైసలిచ్చి రాయించుకున్న" అన్నాడు మల్లయ్య, నన్ను చూపించి.

వకీలు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గుంటలు రెండుసార్లు కొలిపించాను, నాలుగు హద్దులూ సరిచూశాను. నీటి దినాలు మాత్రం రాములు చెప్పినవి చెప్పినట్టే రాశాను.

రాములు ఆ దినం ఖరీదు వాపసిస్తానన్నాడు.

"పైసలు పోస్తే మడి పారుతదా? నాకు నీళ్లు గావాలె."

దాయాదుల దగ్గర ఒక దినం కొనిస్తానని రాములు రాసిచ్చాడు. వాళ్లు అమ్మలేదు. మల్లయ్య సగం పొలంలోనే వరి వేస్తున్నాడు. మిగతా సగంలో జొన్న.

అప్పటినుంచి ఏ బావి వంతు రాయాల్సి వచ్చినా అందరి కాగితాలు ముందేసుకుని దినాలు కూడుతున్నాను. వంతుకు మించితే కలం ముట్టను.

యాసంగిలో మోట నడిచేది నూట ఇరవై దినాలు. ఎనిమిదింటికొకటి చొప్పున ఏటా పదిహేను. ఎండిన ఆ పంటతో కలిపి ఏడు యాసంగులు. మల్లయ్యకు రావలసిన నీళ్లు నేటికి నూట ఐదు దినాలు.