లేని పాము కన్నం

ఆయన్ని అందరూ నేలచూపుల మేస్త్రి అంటారు. సిగ్గరి అని కాదు. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళల్లో టైల్స్ వేస్తున్నాడు. ఎవరింటికెళ్ళినా మనుషులకన్నా ముందు నేలని పలకరిస్తాడు. వంగి వేలి కణుపుతో టక్ టక్‌మని కొడతాడు. గట్టిగా పలికితే తలూపుతాడు. డొల్లగా పలికితే, "ఎవడండీ వేసింది?" అని నిలదీస్తాడు. మోకాళ్ళ నొప్పులని ఆస్పత్రికెళ్ళి, డాక్టరు గదిలో కూడా రెండు టైల్స్ కొట్టి చూశాడు.

"నా నేల సంగతి తర్వాత. నీ మోకాళ్ళే డొల్లయ్యాయి," అన్నాడు డాక్టరు. "ఇంకో ఏడాది ఇలాగే పాకావంటే, ఆ తర్వాత కర్ర లేకుండా లేవలేవు."

ఇంటికొచ్చి చెప్తే భార్య కుట్టుమిషను ఆపింది. "పాకడం మానేస్తే ఏం చేస్తావయ్యా? నీకు నిలబడి చేసే పని ఒక్కటన్నా వచ్చా?"

రాదు. కానీ ఇన్నిళ్ళు తిరిగిన మనిషి ఒకటి గమనించాడు. నాలుగు వాటాలున్న ఇంటి ఓనరు ఎప్పుడు చూసినా కుర్చీలో కూర్చునే ఉంటాడు. వాటావాళ్ళే నడిచొచ్చి అద్దె ఇచ్చి వెళ్తారు. ఆ కుర్చీ మీద మనసు పడింది మేస్త్రికి.

చేతిలో డబ్బు తక్కువ, తెలిసినవాళ్ళు ఎక్కువ. అందుకని తెలిసినవాళ్ళనే పట్టుకున్నాడు. పెయింటరుకి చెప్పాడు, కరెంటు పనివాడికి చెప్పాడు, సిమెంటు కొట్టాయనకి చెప్పాడు. "చిన్నదైనా సరే, వాటాల ఇల్లు ఏదన్నా అమ్మకానికొస్తే ముందు నా చెవిన వెయ్యండి." ఆర్నెల్లు అందరి చెవుల్లో జోరీగలా తిరిగాక మంగలి షాపులో పని జరిగింది. గడ్డం గీయించుకుంటూ ముసలి కాంపౌండరు నోరు జారాడు. నాలుగు వాటాల ఇల్లు అమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతాడట. ఆయన రెండో చెంప గీయకముందే మంగలి ఫోను తీశాడు. "బావా, చేతిలో పని చేతిలో వదిలేసి రా."

మేస్త్రి రెండు గంటలు ఆ ఇంట్లో పాకాడు. నాలుగు వాటాలూ, మెట్లూ, వరండా, అన్నీ కొట్టి చూశాడు. ఒక్కచోటన్నా డొల్లగా పలకలేదు. బయటికొచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు.

"ఏమయ్యా, నేలే చూశావు. పైకప్పు చూడవా?" అన్నాడు కాంపౌండరు.

"నేల ఇంత శ్రద్ధగా వేయించినాయన పైకప్పు గాలికొదిలేస్తాడా సార్?"

ఆ ఒక్క మాటకి ముసలాయన మెత్తబడ్డాడు. ధర ఖాయం చేసుకున్నారు. సొసైటీ అప్పు చేతికి రావడానికి మూడు నెలలు గడువిచ్చాడు. అక్కణ్ణుంచి మేస్త్రికి నిద్ర కరువైంది. పక్క వీధి కాంట్రాక్టరు ఇలాంటి ఇళ్ళు కనపడితే గద్దలా తన్నుకుపోయే రకం. ఈ ఇల్లు పోతే ఇంకోటి దొరికేదాకా మోకాళ్ళు ఆగవు.

"నువ్వు చేసే తప్పేంటో తెలుసా బావా?" అన్నాడు మంగలి. "కనపడినవాడికల్లా ఆ ఇంటిని పొగుడుతున్నావు. పొగిడితే పదిమంది ఎగబడతారు. తిట్టు. నోరారా తిట్టు."

మేస్త్రి తిట్టడం మొదలెట్టాడు. బాత్రూములో నీళ్ళు కారతాయని పెయింటరుతో అన్నాడు. పెయింటరు దానికి గోడల చెమ్మ కలిపాడు. సిమెంటు కొట్టు చేరేసరికి పునాది జానెడు కుంగింది. అంతటితో ఆగినా బాగుండేది. ఒకరోజు కాంట్రాక్టరు మొహం నిండా సబ్బు నురగతో మంగలి కుర్చీలో కూర్చుని, "ఏం మేస్త్రీ, ఆ కాంపౌండరు ఇల్లెలా ఉందోయ్?" అని అడిగాడు. మేస్త్రి కంగారులో నోటికేదొస్తే అది అనేశాడు.

"కింద వాటాలో మూలన కన్నం ఉందండీ. పాము."

కాంట్రాక్టరు మళ్ళీ ఆ ఇంటి ఊసెత్తలేదు. పాము మాత్రం ఊరుకోలేదు. వారంలో దానికి జత కుదిరింది, రెండు వారాల్లో పిల్లలు పుట్టాయి. ఆ ఇంట్లో అద్దెకుంటున్న రెండు కుటుంబాలూ మంచాలు ఆటోకెక్కించుకుని చక్కా పోయాయి.

రిజిస్ట్రేషన్ రోజు మేస్త్రి అనుకున్న ధర పైసా తగ్గించకుండా ఇచ్చాడు. కాంపౌండరు ఆయన భుజం తట్టాడు. "మంచివాడివయ్యా. ఇన్ని విని కూడా మాట తప్పలేదు. ముప్పై ఏళ్ళున్నాను, నాకు ఒక్కనాడూ కనపడలేదు ఆ పాము. నేను పోతున్నానని తెలిసి వచ్చినట్టుంది." మేస్త్రి నేల చూశాడు. ఈసారి టైల్స్ కోసం కాదు.

అద్దెకివ్వబడును అని బోర్డు కట్టాడు. రెండు నెలలు గాలికి ఊగింది తప్ప దాన్ని పలకరించిన నాథుడు లేడు. సొసైటీ వాయిదాలు మొదలయ్యాయి. వాటి కోసం మేస్త్రి ఇంతకు ముందుకన్నా రెండు గంటలు ఎక్కువే పాకుతున్నాడు. సాయంత్రం గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోతున్నాడు.

"ఓనరుగారొచ్చారు," అంటుంది భార్య, ఆయన కుంటుకుంటూ గుమ్మం ఎక్కుతుంటే. "కుర్చీ వెయ్యమంటారా?"

ఇక ఉండబట్టలేక మంగలి మీద పడ్డాడు. "తిట్టమన్నది నువ్వే. మీ ఇల్లు ఇరుకంటావుగా, నువ్వే వచ్చి చేరు."

"నేనొస్తా బావా. మా ఆవిడ రానంటోంది."

"పాము లేదని చెప్పలేవా?"

"చెప్పాను." మంగలి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అయినా బావా, ఒట్టేసి చెప్పు. నిజంగా లేదు కదా?"

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. షాపు నడిమధ్య నిలబడి, కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా అరిచాడు. "అయ్యా, బాబూ! ఆ ఇంట్లో పాము లేదు, కన్నం లేదు, చెమ్మ లేదు. ఇల్లు ఇంకెవరికీ పోకూడదని నేనే అబద్ధం చెప్పాను. నన్ను తన్నండి!"

ఎవరూ తన్నలేదు. పెయింటరు పేపరు మడిచాడు. "పాపం, వాటాలు ఖాళీగా ఉన్నాయి కదా. ఎవడైనా అలాగే అంటాడు."

ఆ మర్నాడు ఇస్త్రీ బండి ఆవిడ మేస్త్రి ఇంటికొచ్చింది. నలభై ఇళ్ళ బట్టలు ఆవిడ చేతుల మీదుగా పోతాయి. బట్టలతో పాటు కబుర్లూ పోతాయి.

"మేస్త్రన్నా, కింద వాటా నాకు కావాలి. వరండాలో బండి పెట్టుకుంటా."

భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. "పాము గురించి వినలేదా?" అన్నాడు మేస్త్రి, నోరు ఊరుకోక.

"విన్నాను కాబట్టే వచ్చా. ఏ ఓనరైనా నా ఇల్లు స్వర్గమంటాడు, చేరాక తెలుస్తుంది. ఉన్నది ఉన్నట్టు ముందే చెప్పినవాడివి నువ్వొక్కడివే. నీ కింద ఉండొచ్చు. ఆ కన్నం ఒక్కటి పూడ్చెయ్యి, రేపే వస్తా."

"కన్నం లేదమ్మా. నేను చెప్పింది అబద్ధం."

ఆవిడ మొహం మాడింది. "ఇదిగో, అప్పుడే మిగతా ఓనర్లలా మాట్లాడుతున్నావు." వెళ్ళడానికి లేచింది.

భార్య మోచేత్తో మేస్త్రి డొక్కలో ఒక్కటిచ్చింది. "ఉందమ్మా, ఉంది. ఎందుకు లేదూ? పద చూపిస్తాడు."

ముగ్గురూ కింద వాటాకి వెళ్ళారు. మేస్త్రి ఏ మూల చూపించాలో తెలియక కాసేపు తిరిగాడు. అన్నీ బంగారంలాంటి టైల్సే. చివరికి తలుపు వెనక మూల చూపించాడు. "ఇక్కడే. పైకి కనపడదు."

"మరి పగలగొట్టి పూడ్చు. నా కళ్ళముందే."

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అలవాటుగా టక్ టక్‌మని కొట్టాడు. ఇనుములా పలికింది. ఎవడో పేరు తెలియని మేస్త్రి ముప్పై ఏళ్ళ కిందట ప్రాణం పెట్టి వేసిన టైలు. మనసులో వాడికి దణ్ణం పెట్టుకుని సుత్తెత్తాడు. నాలుగు దెబ్బలకి గానీ లేవలేదు. కింద చీమ దూరే సందు కూడా లేదు. ఇస్త్రీ ఆవిడ తొంగి చూసేలోపే గబగబా సిమెంటు కుక్కి, కొత్త టైలు అంటించి, పైన బండరాయి పెట్టాడు. మోకాళ్ళు సలుపుతుంటే సమంగా పరిచాడో లేదో కూడా చూసుకోలేదు.

ఆవిడ మాట తప్పలేదు. చేరిన పదిరోజులకే నలభై ఇళ్ళలోనూ ఒకటే మాట. అబద్ధమాడని ఓనరట, పాము కన్నం అడగ్గానే పూడ్చాడట. నెల తిరక్కుండా పై వాటాలు రెండూ నిండాయి. నాలుగోదానికి మంగలి భార్యే వచ్చింది, మొగుణ్ణి వెంటేసుకుని.

సొసైటీ వాయిదా అద్దెల్లోంచే వెళ్ళింది. మేస్త్రి పాకే పని కుర్రమేస్త్రీలకి ఒప్పజెప్పి, తను కర్రతో నేల కొట్టి చూసే పని పెట్టుకున్నాడు. నిలబడే.

ఒకటో తారీఖున అద్దె వసూలుకి వెళ్తే, ఇస్త్రీ ఆవిడ తలుపు వెనక్కి పిలిచింది. అట్లకాడతో ఆ కొత్త టైలు మీద కొట్టింది. డొల్లగా పలికింది. మొత్తం ఇంట్లో అదొక్కటే.

"విన్నావా? కింద కన్నం ఇంకా ఉంది."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళ పనితనం అక్కడ డొల్లగా పలుకుతోంది. గోడ పట్టుకుని వంగబోయాడు. ఆవిడ వద్దని చెయ్యి అడ్డం పెట్టి, ఒక కుర్చీ జరిపింది.

"ముందు కూర్చో అన్నా. దానికేం తొందర, పాము ఈ నెలంతా కనపడలా. నీకు మోకాళ్ళు బాగా అరిగిపోయాయంటగా, అందరూ చెప్పుకుంటున్నారు."

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు.

"అదొక్కటి మాత్రం నిజమేనమ్మా," అన్నాడు.