పరుపుల దస్తగిరి మాట్లాడిన గది

పరుపుల దస్తగిరి పోయిన వారం తన అంగట్లో దూది నింపుతూ నింపుతూనే కూలబడి కన్నుమూశాడు. పత్రికలో ఎందరివో మరణవార్తలు రాసిన చేయి నాది. ఆ రోజు మాత్రం ఫోను పెట్టేశాక చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చేశాను.

మా ఆదోనిలో జరిగిన ఖననానికి ఎమ్మిగనూరు నుంచి పదిమంది నేతగాళ్లు బస్సులో వచ్చారు. వాళ్లెవరో నాకు తెలియదు. మట్టి వేసి చేతులు దులుపుకుంటూ వాళ్లలో పెద్దవాడు వీరన్న అన్నాడు: "మా కాడికి వచ్చిన మొదటి దినమే అంతా చెప్పుకున్న్యాడప్పా. ఆయప్ప ఏడ్సినాడు, మేమూ ఏడ్సినాం."

అంత దుఃఖంలోనూ నాకు కడుపు మండింది.

దస్తగిరి తాగుడు మానినవాడు. మానాలనుకునేవాళ్లు వారానికోసారి ఒక గదిలో చేరి తమ కథలు చెప్పుకుంటారు. అక్కడ ఇంటిపేర్లు ఉండవు. విన్నమాట గడప దాటదు. అందుకే ఇదంతా రాయవచ్చునా అని ఆయన భార్య హుసేన్‌బీని అడిగాను. "రాయప్పా. ఆయన తాగి పడిపోయింది ఊరంతా సూసింది. మానింది గూడ సూడనీ" అంది.

ఎనిమిదేళ్ల కిందట మా ఇంట్లో పాత పరుపును మళ్లీ ఏకించడానికి నా భార్య ఆయన అంగడికి పంపింది. మర్నాడు రమ్మని నాకు కబురొచ్చింది. వెళితే, విప్పిన దూది మధ్య నేను దాచి మరిచిపోయిన క్వార్టర్ సీసా ఉంది. "మీ ఇంటామెకు చెప్పల్యా. దాచేకి పరుపు మంచి జాగా కాదప్పా, నేనూ ఆడే దాచినోన్ని" అన్నాడు. తన తాగుడు గురించి ఆయన నాకు చెప్పిన మాట అదొక్కటే.

ఆ వారమే నన్ను ఒక సమావేశానికి తీసుకెళ్లాడు. ఎవరో మాట్లాడుతుంటే నా చేయి అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీసింది. అందరూ ఆ పెన్ను వైపే చూశారు. బయటికి వచ్చాక దస్తగిరి పగలబడి నవ్వాడు: "ఈడ వార్త ల్యా సామీ, పెన్ను ఇంట్లో పెట్టి రా!" రెండోచోట అందరూ నన్నెరిగిన ఉద్యోగులే. ఒకాయన తన కష్టం మొదలుపెట్టి, నన్ను చూసి, ఎండల గురించి మాట్లాడి కూర్చున్నాడు. ఇక నావల్ల కాదన్నాను. "పరుపును చేత్తో ఒత్తి సూస్తే తెలీదప్పా, పండుకోని సూడల్ల. ఇంగోటి సూద్దాం పా" అన్నాడు.

మూడోది జిన్నింగు మిల్లు పైనున్న గది. పత్తి మార్కెట్ హమాలీలు, బండ్లవాళ్లు వచ్చేది. ఆయన కూడా అక్కడే కూర్చునేవాడు. "ఈళ్లు పేపర్ సదవరు. నువ్వెవరైతే ఈళ్లకేం? నీకు ఇదే" అన్నాడు. అదే అయింది. నేను నోరు తెరిచింది ఆ గదిలోనే. ఇప్పటికీ తాగకుండా ఉన్నది ఆ గది వల్లనే.

ఇన్ని గదులు తిప్పింది నా మీద ప్రత్యేకమైన ప్రేమతోనే అనుకున్నాను. ఆరు నెలలకు ఒక లారీ డ్రైవరును తెచ్చి, నా పక్కనే కూర్చోబెట్టి, "పండుకోని సూడల్లప్పా" అని అదే మాట అన్నాడు. ఆ మాట నా కోసమే పుట్టిందనుకున్న నాకు ఆ డ్రైవరు ముఖం చూడబుద్ధి కాలేదు. తరువాత ఎందరో వచ్చారు. సమావేశం అయ్యాక ఆయన ఎవరితో టీ తాగుతున్నాడో గమనించేవాణ్ణి. మంగళవారాలు అంగడి మూసి బస్సెక్కేవాడు. "యాడికన్నా?" అంటే "పరుపు కొలతకు" అనేవాడు.

మా గదిలో మాత్రం ఆయన తన కథ ఎన్నడూ చెప్పలేదు. వంతు వస్తే లేచి, "దస్తగిరి. ఈ దినం తాగల్యా" అని కూర్చునేవాడు. అదాయన పద్ధతి కాబోలనుకున్నాను.

కబరస్థాన్ బయట వీరన్నకు నేనూ ఆయన తెచ్చినవాణ్ణేనని చెప్పి అడిగాను, ఆయన ఏం చెప్పుకున్నాడని.

"నువ్వు గూడ కూసుండేటోనివే గదప్పా. తెలీదా? గది మాట గదిలోనే."

"ఎన్నేండ్లాయె మీ కాడికొచ్చి?"

"ఎనిమిదేండ్లు."

నేను మిల్లు గదిలో చేరిందీ అప్పుడే. అంతకుముందు ఆ గది ఆయనది. అక్కడ నేను నోరు తెరిచిన ఏడాదే, ఆయన తన మాటలు మూటగట్టుకుని గంట ప్రయాణం చేసి ఎమ్మిగనూరు వెళ్లాడు. మాట గడప దాటని చోట కూడా పత్రికవాడి ముందు నోరు విప్పలేకపోయాడా? పోనీలే, వీడికి ఇదొక్కటే కుదిరింది, నేను ఇంకోచోట చూసుకుంటానని తప్పుకున్నాడా? అలాగైతే ఇన్నేళ్లూ నేను అసూయతో కాపలా కాసింది, తన చోటు నాకిచ్చి వెళ్లిన మనిషిని.

ఆయన అంగడిలో మరొకరు పరుపులు కుట్టవచ్చు. కొత్తగా వచ్చినవాణ్ణి మూడు నాలుగు గదులు విసుక్కోకుండా తిప్పే మనిషి మాత్రం మాకిక లేడు. ఆ చేతులకు నా నమస్కారం.

నేను రాకముందు దస్తగిరి మా గదిలో మాట్లాడేవాడా లేదా అన్నది చెప్పగలిగినవాడు ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు, అప్పటినుంచీ ఆ గదికి వచ్చే ముసలి హమాలీ. నిన్న సమావేశం అయ్యాక అడిగాను. ఆయన నా జేబులోని పెన్ను వైపు చూసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.